ఐపీ కొడితే సర్వర్ వస్తుంది, పేరు కొడితే రాదు: డిపోల నుంచి వీపీఎన్ గోల

మేత లెక్కలు, నెల్లూరు
అందరికీ నమస్తే. ముందే చెప్తున్నా, నేను సిస్టమ్స్ మనిషిని కాదు, అకౌంట్స్ చూసుకునేవాణ్ని. రొయ్యల మేత డీలర్ ఆఫీసు మాది. కంప్యూటర్ కాస్త తెలుసన్న పాపానికి సర్వర్ కూడా నా నెత్తినే పడింది. ఆఫీసులో పదకొండు కంప్యూటర్లు, ఒక విండోస్ సర్వర్. డొమైన్ (ఆఫీసు సిస్టమ్స్‌కి, లాగిన్లకి ఒకే పెత్తనం), డీఎన్ఎస్ (పేరు అడిగితే దాని ఐపీ నంబరు చెప్పేది), ఫైళ్లు, ట్యాలీ లెక్కల డేటా, వీపీఎన్ (బయటి నుంచి నెట్ మీద ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే దారి) అన్నీ ఆ ఒక్క డబ్బాలోనే. ముత్తుకూరు, విడవలూరు, అల్లూరు డిపోల్లో ఒక్కో కంప్యూటర్ ఉంది. అక్కడి పిల్లలు పొద్దున్నే వీపీఎన్ కలిపి ఎన్ని బస్తాలు వచ్చాయి, ఎన్ని పోయాయి అని ఎక్కించాలి.

కనెక్ట్ అయితే అవుతుంది. సర్వర్ ఐపీ 192.168.1.10 పలుకుతుందా అని పింగ్ కొడితే మూడు చోట్ల నుంచీ జవాబు వస్తుంది. కానీ మేతసర్వర్ అని పేరు కొడితే అలాంటిదేమీ లేదంటుంది. ట్యాలీలో డేటా దారి పేరుతోనే ఇచ్చి ఉన్నాం కాబట్టి మొత్తం ఆగిపోయింది.

ఇంకో వింత ఉంది, దీన్ని ఎవరికి చెప్పినా నవ్వుతున్నారు. డిపోల వాళ్లు వీపీఎన్ కలిపిన కాసేపటికి ఇక్కడ ఆఫీసులో కూర్చున్న వాళ్లకే సర్వర్ దొరకడం మానేస్తుంది. అందరికీ కాదు, ఇద్దరికో ముగ్గురికో. సిస్టమ్ రీస్టార్ట్ చేస్తే ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. ఓనరు గారేమో డిపోల వాళ్లు నెట్టంతా లాగేసుకుంటున్నారని వాళ్లను తిడుతున్నారు. టెన్షన్ తట్టుకోలేక ఇక్కడ రాస్తున్నా.

కావలి కుర్రోడు
సింపుల్ అన్నా. డిపో కంప్యూటర్లలో ఏ పేరుకి ఏ ఐపీయో చేత్తో రాసుకునే హోస్ట్స్ ఫైల్ ఉంటుంది, విండోస్, సిస్టం32, డ్రైవర్స్, ఈటీసీ ఫోల్డర్లో. నోట్‌ప్యాడ్‌ని అడ్మిన్‌గా తెరిచి చివర్లో 192.168.1.10 కొట్టి, ఖాళీ ఇచ్చి, సర్వర్ పేరు కొట్టి సేవ్ చెయ్యి. అయిపోయింది. మా కొట్లో నాలుగేళ్లుగా అదే నడుస్తోంది.

మేత లెక్కలు, నెల్లూరు
థాంక్స్ తమ్ముడూ, ముత్తుకూరులో చేశా, పింగ్ వచ్చింది, ట్యాలీ కూడా తెరుచుకుంది. కానీ ఎన్ఎస్‌లుకప్ అని కొడితే ఇంకా పేరు లేదనే అంటోంది. పింగ్‌కి దొరికిన పేరు దానికెందుకు దొరకదు? పైగా ఆఫీసు గొడవ అలానే ఉంది.

గెలాక్సీ రాయి, చీమకుర్తి
అబ్బయ్యా, ఎన్ఎస్‌లుకప్ హోస్ట్స్ ఫైల్ వైపు చూడదు. అది నేరుగా డీఎన్ఎస్ సర్వర్‌ని పోయి అడుగుతుంది, మిషన్‌లో దాచుకున్న పాత జవాబుల్ని కూడా పట్టించుకోదు. పింగ్ అలా కాదు, విండోస్ మామూలుగా పేర్లు వెతికే దారిలోనే వెతుకుతుంది, అంటే హోస్ట్స్, డీఎన్ఎస్, అక్కడా లేకపోతే విండోస్ పాత పేర్ల పద్ధతి నెట్‌బయాస్. అందుకే రెండూ వేరే జవాబులు చెప్తాయి. రెండిటికీ తేడా వచ్చిందంటే మంచిదే, ఎక్కడ వెతకాలో తెలిసింది.

కుర్రోడు చెప్పింది తప్పని అనను గానీ అది కట్టు కట్టడమే. రేపు సర్వర్ ఐపీ మార్చిన రోజున ఎవరికీ గుర్తుండదు, మూడు డిపోలూ తిరగాలి. నేను గ్రానైట్ ఆఫీసులో మోడెమ్‌ల కాలం నుంచి ఉన్నా. అప్పుడు క్వారీ నుంచి ఒంగోలు ఆఫీసుకి ఫోన్ లైన్ మీద డయల్ చేసేవాళ్లం, 56కే మోడెమ్ అని పేరే గానీ 33 దాటితే గొప్ప. ప్రతి మిషన్‌లో ఎల్ఎంహోస్ట్స్ ఫైల్, అంటే నెట్‌బయాస్ పేర్లకి హోస్ట్స్ లాంటిది, రాసి పెట్టేవాళ్లం. ఒకసారి సర్వర్ మార్చాక రెండు నెలలపాటు ఒక క్వారీ వాళ్లు పాత సర్వర్‌లోనే బ్లాకుల లెక్క ఎక్కించారు. ఎవరూ చూసుకోలేదు. ఆ తిట్లు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి.

నెట్‌బయాస్ పేర్లు బ్రాడ్‌కాస్ట్‌తో వెతుకుతాయి, అంటే వీధిలో నిలబడి పేరు పెట్టి కేకేసినట్టు. ఆఫీసు వైర్ల మీద ఉన్నవాళ్లకి ఆ కేక వినపడుతుంది. వీపీఎన్ అవతల ఉన్నవాడి కేక మామూలుగా ఇవతలికి రాదు. అందుకని డిపోల వాళ్లకి డీఎన్ఎస్ సరిగ్గా అందాలి, వేరే దారి లేదు. వీపీఎన్ కలిపి ఉన్నప్పుడు డిపోలో ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్ కొట్టి, పీపీపీ అడాప్టర్ (అంటే వీపీఎన్ కనెక్షన్) కింద డీఎన్ఎస్ ఏం వచ్చిందో ఇక్కడ రాయి.

మేత లెక్కలు, నెల్లూరు
విడవలూరు కుర్రాడితో కొట్టించా. ఐపీ 10.10.10.4, డీఎన్ఎస్ 192.168.0.1.
మా సర్వర్ 192.168.1.10 కదా, మరి ఈ 0.1 ఎవరు?

మైపాడు అల, చెన్నై
అదే నేనూ అడుగుదామనుకున్నా. మీ సర్వర్‌కి రెండు నెట్‌వర్క్ కార్డులు ఉన్నాయా? ఒకటి ఆఫీసు స్విచ్‌కి, ఇంకోటి వీపీఎన్ కోసం తీసుకున్న వేరే బ్రాడ్‌బ్యాండ్ లైన్‌కి?

మేత లెక్కలు, నెల్లూరు
అవును సార్! ఎలా చెప్పారు? డిపోల కోసమని రెండో లైన్ తీసుకున్నాం, దాని మోడెమ్ నుంచి వైరు సర్వర్ వెనక రెండో కార్డుకి పెట్టాం. మిగతా ఆఫీసంతా పాత లైన్ మీదే, ఆ రౌటర్ 192.168.1.1. పాత సర్వీసు అబ్బాయి అలా పెట్టి వెళ్లాడు, ఇప్పుడు ఫోన్ ఎత్తడు.

మైపాడు అల, చెన్నై
సార్ కాదు, అక్కా అంటే చాలు. పుట్టింది ఇందుకూరుపేటలోనే, ఉద్యోగం ఇక్కడ.

192.168.0.1 మీ రెండో లైన్ మోడెమ్. వీపీఎన్‌లో కలిసేవాళ్లకి ఏ డీఎన్ఎస్ ఇవ్వాలో సర్వర్‌లో వీపీఎన్ నడిపే రూటింగ్ అండ్ రిమోట్ యాక్సెస్ సర్వీసు సొంతంగా ఆలోచించదు, సర్వర్‌లోని ఏదో ఒక నెట్‌వర్క్ కార్డు మీద రాసి ఉన్న డీఎన్ఎస్ తీసి అవతలి వాళ్లకి ఇస్తుంది. కార్డు ఒక్కటే ఉంటే గొడవ లేదు. రెండు ఉంటే, ఏది తీసుకోవాలో మనం చెప్పకపోతే అదే ఒకటి ఎంచుకుంటుంది. మీ ఖర్మకి మోడెమ్ కార్డు ఎంచుకుంది. బయట మోడెమ్‌కి మేతసర్వర్ ఎవరో ఎలా తెలుస్తుంది పాపం.

రూటింగ్ అండ్ రిమోట్ యాక్సెస్ తెరిచి, సర్వర్ పేరు మీద కుడి క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లో ఐపీవీ4 ట్యాబ్‌కి వెళ్లండి. అడుగున అడాప్టర్ అని ఒక పెట్టె ఉంటుంది, అందులో ఆఫీసు కార్డు పెట్టండి. ఆ కార్డు మీద డీఎన్ఎస్ కూడా ఒకసారి చూడండి, రెండో గడిలో 8.8.8.8 లాంటిది ఉంటే తీసెయ్యండి.

కావలి కుర్రోడు
8.8.8.8 ఎందుకక్కా తియ్యడం, మొదటి దాంట్లో దొరక్కపోతే రెండో దాంట్లో వెతుక్కుంటుంది కదా?

మైపాడు అల, చెన్నై
అందరూ అలానే అనుకుంటారు తమ్ముడూ. మొదటిది అసలు పలకకపోతేనే రెండో దాని దగ్గరికి పోతుంది. మొదటిది పలికి "ఆ పేరు లేదు" అని చెప్తే అక్కడితో ఆగిపోతుంది, ఇంకొకరిని అడగదు. ఒక క్షణం మన సర్వర్ బిజీగా ఉండి పలకలేదనుకో, 8.8.8.8ని అడుగుతుంది, అది మేతసర్వర్ లేదంటుంది, విండోస్ ఆ లేదన్న మాటని కాసేపు దాచుకుంటుంది కూడా. అప్పుడే "ఒకసారి వస్తుంది ఒకసారి రాదు" జబ్బు మొదలయ్యేది. బయటి పేర్ల కోసం 8.8.8.8 కావాలంటే సర్వర్ డీఎన్ఎస్‌లో ఫార్వర్డర్‌గా, అంటే తనకి తెలియని పేర్లు అడిగే చోటుగా, పెట్టుకోవాలి, కార్డు మీద కాదు.

మేత లెక్కలు, నెల్లూరు
అక్కా 8.8.8.8 ఉంది! తీసేశా. అడాప్టర్ మార్చా, సర్వీసు రీస్టార్ట్ చేశా. ఇప్పుడు విడవలూరులో డీఎన్ఎస్ 192.168.1.10 అని వస్తోంది. డొమైన్‌తో కలిపి పూర్తి పేరు కొడితే పింగ్ వస్తోంది. ఉత్త మేతసర్వర్ అని కొడితే మాత్రం రావడం లేదు.

పొదలకూరు నిమ్మకాయ
మధ్యలో దూరుతున్నా, మాది కూడా ఇదే రకం గొడవ. నిమ్మ మార్కెట్ పక్కన మా కమీషన్ కొట్టు, ఇంటి నుంచి వీపీఎన్ కలిపితే బ్రాడ్‌బ్యాండ్ మీద పేరు దొరుకుతుంది, ఫోన్ హాట్‌స్పాట్ మీద దొరకదు. ఒకే ల్యాప్‌టాప్, ఒకే వీపీఎన్. ఏంది సామీ ఇది?

గెలాక్సీ రాయి, చీమకుర్తి
నిమ్మకాయ సంగతి తర్వాత చూద్దాం, ముందు మేత పని అవనీ. డిపో కంప్యూటర్లు డొమైన్‌లో చేర్చినవేనా?

మేత లెక్కలు, నెల్లూరు
లేదన్నా, మామూలు విండోస్ 10, వర్క్‌గ్రూప్.

గెలాక్సీ రాయి, చీమకుర్తి
అదీ సంగతి. డొమైన్‌లో ఉన్న మిషన్ ఉత్త పేరు కొడితే డొమైన్ తోక తనే తగిలించి అడుగుతుంది. వర్క్‌గ్రూప్ మిషన్‌కి ఏ తోక తగిలించాలో తెలియదు. డీఎన్ఎస్ అడ్రస్ ఇచ్చినట్టు ఈ తోకని వీపీఎన్ సర్వర్ దానంతటది ఇవ్వదు. దానికి డీహెచ్‌సీపీ (ఐపీ నంబర్లు పంచేది) రిలే ఏజెంట్ పెట్టాలి, డీహెచ్‌సీపీలో 15వ ఆప్షన్‌లో డొమైన్ పేరు ఉండాలి. యాభై మంది ఉంటే అది చెయ్యి. మూడు డిపోలకి అంత అక్కర్లేదు, వీపీఎన్ కనెక్షన్ ప్రాపర్టీస్‌లో ఐపీవీ4, అడ్వాన్స్‌డ్, డీఎన్ఎస్ ట్యాబ్‌లో ఈ కనెక్షన్ సఫిక్స్ అని గడి ఉంటుంది, అందులో డొమైన్ రాసెయ్. ముత్తుకూరులో హోస్ట్స్ లైను కూడా తీసెయ్ మర్చిపోకుండా.

మేత లెక్కలు, నెల్లూరు
ముత్తుకూరు, విడవలూరు రెండూ పేరుతో వచ్చేశాయి!!! మీ కాళ్లు మొక్కాలి.
అల్లూరు రావడం లేదు. అదే సెట్టింగ్, అదే విండోస్. పింగ్ ఐపీతో బ్రహ్మాండంగా వస్తోంది, మిగతా రెండిటికంటే స్పీడు కూడా. కానీ ఫోల్డర్ ఐపీతో కూడా తెరుచుకోదు. మొదటి పోస్టులో మూడు చోట్లా వస్తుందన్నా గానీ అక్కడ పింగ్ ఒక్కటే చూశాను, తప్పు నాదే.

మైపాడు అల, చెన్నై
స్పీడు అంటే ఎంత? టైమ్ అని పక్కన మిల్లీ సెకన్లు పడతాయి చూడండి.

మేత లెక్కలు, నెల్లూరు
విడవలూరు నుంచి 30, 40 మధ్య. అల్లూరు నుంచి 1 కంటే తక్కువ.

మైపాడు అల, చెన్నై
అల్లూరు నుంచి నెల్లూరికి వీపీఎన్ మీద పోయి ఒక మిల్లీ సెకను లోపే తిరిగొచ్చే ప్యాకెట్ నేనైతే ఇంతవరకు చూడలేదు :) ఆ జవాబు మీ సర్వర్‌ది కాదు. అల్లూరు డిపోలోనే 192.168.1.10 అనే వస్తువు ఇంకోటి ఉంది. టీవీనో, ఫోనో. అక్కడి రౌటర్ కూడా 192.168.1 వరసలోనే ఇస్తోంది కదా, చూడండి. కంప్యూటర్ దృష్టిలో ఆ అడ్రస్ పక్కింట్లోనే ఉంది, వీపీఎన్ ఎక్కి నెల్లూరు దాకా ఎందుకు వస్తుంది?

అల్లూరు రౌటర్‌లో లాన్ వరస మార్చండి, 192.168.47.1 లాంటి ఎవరూ వాడని నంబరు పెట్టండి. అసలైతే ఆఫీసు వరసే మార్చాలి, ఎందుకంటే చాలా ఇళ్ల రౌటర్లు 192.168.1 లేదా 192.168.0తోనే వస్తాయి, రేపు ఇంకో డిపో తెరిస్తే మళ్లీ ఇదే పాట. కానీ పదకొండు సిస్టమ్స్, ప్రింటర్లు అన్నీ మార్చాలి కాబట్టి ఆదివారం ఎప్పుడైనా పెట్టుకోండి.

మేత లెక్కలు, నెల్లూరు
టీవీ అక్కా!! డిపో మేనేజర్ క్రికెట్ చూసే టీవీ. రేపు పోయి రౌటర్ మారుస్తా.

ఆఫీసు వింత మాత్రం ఇంకా ఉంది. ఇప్పుడే ఇద్దరికి పోయింది. ఒకరి సిస్టమ్‌లో పేరుతో పింగ్ కొడితే 10.10.10.1 నుంచి జవాబు కోసం చూసి చూసి టైమ్ అవుట్ అంటోంది. 10.10.10 వరస వీపీఎన్ వాళ్లకి ఇచ్చేది కదా, ఆఫీసు సిస్టమ్‌కి ఎందుకొచ్చింది?

గెలాక్సీ రాయి, చీమకుర్తి
హమ్మయ్య, దొంగ దొరికాడు. దీన్ని నేను ఎన్ని చోట్ల చూశానో లెక్క లేదు, డొమైన్, డీఎన్ఎస్, వీపీఎన్ ఒకే డబ్బాలో పెట్టిన ప్రతి చిన్న ఆఫీసులోనూ ఉంటుంది.

డిపో వాడు డయల్ చెయ్యగానే సర్వర్ తనకోసం లోపల ఒక పీపీపీ అడాప్టర్ తయారు చేసుకుంటుంది. వీపీఎన్ వరసలో మొదటి నంబరు, అంటే 10.10.10.1, దానికి పెట్టుకుంటుంది. అక్కడితో ఊరుకుంటే బాగుండు, ఆ నంబరు కూడా నాదేనని డీఎన్ఎస్‌లో తన పేరు మీద రాసేస్తుంది. నెట్‌బయాస్‌లోనూ రాస్తుంది. ఇప్పుడు మేతసర్వర్ పేరుకి రెండు అడ్రసులు. ఆఫీసు సిస్టమ్ అడిగితే 192.168.1.10 ఒకసారి ముందు వస్తుంది, 10.10.10.1 ఒకసారి ముందు వస్తుంది. మీ వాళ్ల గేట్‌వే 192.168.1.1 పాత రౌటర్ కదా, దానికి 10.10.10 ఎక్కడుందో తెలియదు, ఇంటర్నెట్ వైపు తోసేస్తుంది. మీ ఓనరు డిపోల వాళ్లను తిట్టడం అన్యాయమే గానీ వాళ్లు కలిపినప్పుడే మొదలవుతుందన్న ఆయన అనుమానం మాత్రం నిజం.

మైపాడు అల, చెన్నై
ఒక్క అనుమానం. డీఎన్ఎస్ సర్వర్ మామూలుగా అడిగినవాడి వరసలో ఉన్న అడ్రసునే ముందు పెట్టి ఇస్తుంది. అలా అయితే ఆఫీసు వాళ్లకి ఎప్పుడూ 1.10 ముందు రావాలి. డీఎన్ఎస్ ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో నెట్‌మాస్క్ ఆర్డరింగ్ టిక్ ఉందా చూడండి.

మేత లెక్కలు, నెల్లూరు
టిక్ లేదు. నేను ముట్టుకోలేదు, దేవుడి మీద ఒట్టు.

గెలాక్సీ రాయి, చీమకుర్తి
మీరు కాదు, ఫోన్ ఎత్తని అబ్బాయి. టిక్ పెట్టండి, కానీ దాంతో వదిలెయ్యకండి, ఆ రెండో అడ్రసు అసలు రాయకుండా చెయ్యాలి. రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట, మూడు పనులు. ముందు బ్యాకప్ తీసుకోండి, అది తియ్యకుండా రిజిస్ట్రీ తెరిచేవాడికి నేను సలహా ఇవ్వను. ఇక్కడ తెలుగులో రాస్తున్నా, అక్కడ ఇంగ్లీషులో మధ్యలో ఖాళీ లేకుండా కొట్టాలి.

సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, సర్వీసెస్ కిందకి పోండి. అందులో రిమోట్ యాక్సెస్, పారామీటర్స్, ఐపీ కింద డిసేబుల్ నెట్‌బయాస్ ఓవర్ టీసీపీఐపీ అని డీవర్డ్ (అంకె రాసే గడి) పెట్టి విలువ 1 ఇవ్వండి. నెట్‌బయాస్ గొడవ పోతుంది.
డీఎన్ఎస్, పారామీటర్స్ కింద పబ్లిష్ అడ్రసెస్ అని స్ట్రింగ్, అందులో 192.168.1.10.
నెట్‌లాగాన్, పారామీటర్స్ కింద రిజిస్టర్ డీఎన్ఎస్ ఏ రికార్డ్స్ అని డీవర్డ్, విలువ 0. ఈ మూడోది పెడితే డొమైన్ పేరు మీద ఉండే 'ఏ' రికార్డు (పేరుకి ఐపీ రాసిన లైను), గ్లోబల్ క్యాటలాగ్ (లాగిన్లప్పుడు వెతికే డొమైన్ జాబితా) రికార్డు మీరే చేత్తో 192.168.1.10కి రాయాలి, సర్వర్ ఇక రాయదు. అది మర్చిపోతే లాగిన్లు ఆగిపోయి నన్ను తిట్టుకుంటారు.

తర్వాత మోడెమ్ కార్డు ప్రాపర్టీస్‌లో ఈ అడ్రసుని డీఎన్ఎస్‌లో రిజిస్టర్ చెయ్యి అన్న టిక్ తీసెయ్యండి. డీఎన్ఎస్‌లో మేతసర్వర్ కింద ఉన్న 10.10.10.1, ఉంటే 192.168.0 ఏదైనా, అవి చెరిపెయ్యండి. సర్వర్ రీస్టార్ట్. ఆఫీసు సిస్టమ్స్‌లో దాచుకున్న పాత జవాబులు చెరపడానికి ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఫ్లష్‌డీఎన్ఎస్, ఎన్‌బీటీస్టాట్ మైనస్ పెద్ద ఆర్.

మైపాడు అల, చెన్నై
అన్న చెప్పినదంతా సరే. ఇంకోటి, మీ వీపీఎన్ ఏ రకం? పీపీటీపీ అయితే మానెయ్యండి, దాని తాళం ఎప్పుడో విరిగిపోయింది. పీపీటీపీ, ఎల్2టీపీ రెండిటినీ 2024లో మైక్రోసాఫ్ట్ వదిలెయ్యబోయే జాబితాలో పెట్టింది. ఎస్ఎస్‌టీపీకో ఐకేఈవీ2కో మారండి. అసలు డొమైన్ కంట్రోలర్ మీద వీపీఎన్ నడపడమే నాకు నచ్చదు, కానీ రెండో సర్వర్ కొనమంటే మీ ఓనరు మనిద్దరినీ తిడతారు.

నిమ్మకాయ గారూ, మీది వేరే. ఫోన్ హాట్‌స్పాట్ మీద ల్యాప్‌టాప్‌కి ఐపీవీ6 (కొత్త రకం ఐపీ) డీఎన్ఎస్ కూడా వస్తుంది, మీ వీపీఎన్ ఐపీవీ4 మాత్రమే అయి ఉంటుంది. పేరు అడగడం ఫోన్ వైపు పోతోంది. పరీక్ష కోసం వైఫై కార్డు మీద ఐపీవీ6 టిక్ తీసి చూడండి. అప్పుడు పేరు దొరికితే కారణం అదే. తర్వాత టిక్ మళ్లీ పెట్టేసి, వీపీఎన్ కనెక్షన్‌కి ఇంటర్‌ఫేస్ మెట్రిక్ (ఏ కనెక్షన్ ముందో చెప్పేది) చిన్న నంబరు ఇవ్వండి, లేదంటే మీ డొమైన్ పేర్లన్నీ ఆఫీసు డీఎన్ఎస్‌నే అడగమని ఎన్ఆర్‌పీటీ రూల్ ఒకటి రాయండి.

పొదలకూరు నిమ్మకాయ
టిక్ తియ్యగానే దొరికింది! మెట్రిక్ 5 పెట్టా, టిక్ మళ్లీ పెట్టా, ఇంకా దొరుకుతోంది. పొదలకూరు వస్తే ఒక బస్తా కాయలు మీకు ఫ్రీ.

కావలి కుర్రోడు
అన్నా, మా కొట్లో హోస్ట్స్ ఫైళ్లు ఈ రాత్రికే తీసేస్తున్నా. ఏమీ జరగకపోతే రేపు చెప్తా. జరిగితే అసలు చెప్పను.

మేత లెక్కలు, నెల్లూరు
మూడు రోజుల తర్వాత రాస్తున్నా, కావాలనే ఆగి చూశా. రాయన్న చెప్పినవన్నీ చేశా, గ్లోబల్ క్యాటలాగ్ రికార్డు దగ్గర చెయ్యి వణికింది గానీ అయిపోయింది. మూడు డిపోలూ కలిపి ఉన్నా ఆఫీసులో ఒక్కరికి కూడా సర్వర్ పోలేదు. పేరుతో పింగ్ కొడితే ఎవరి సిస్టమ్‌లోనైనా 1.10 మాత్రమే. పీపీటీపీయే అక్కా, ఎస్ఎస్‌టీపీకి సర్టిఫికెట్ కావాలంటున్నారు, దానికి వేరే పోస్టు పెడతా.

అల్లూరు రౌటర్ కూడా 47కి మార్చా, అక్కడ ట్యాలీ తెరుచుకుంది. టీవీ కూడా వస్తోంది. కానీ ఇప్పుడే మేనేజర్ ఫోన్ చేశాడు, చెరువు గట్టు మీద సీసీ కెమెరాలు ఫోన్‌లో కనపడటం లేదంట, నువ్వు ఏదో చేసి పోయాకే పోయాయి అంటున్నాడు. రాత్రికి కాపలా ఎలా అని గోల.

గెలాక్సీ రాయి, చీమకుర్తి
కెమెరాల రికార్డర్‌కి ఎవరో పాత 192.168.1 నంబరు చేత్తో కట్టేసి ఉంటారు అబ్బయ్యా. టీవీ అయితే కొత్త రౌటర్ నంబరు దానంతటది తీసుకుంది, రికార్డర్ తీసుకోదు. దానికి మౌస్, స్క్రీన్ తగిలించి నెట్‌వర్క్ మెనూలో ఐపీ 192.168.47 వరసలోకి, గేట్‌వే 192.168.47.1కి మార్చు. పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో ముందు కనుక్కొని బయల్దేరు, లేకపోతే అల్లూరికి రెండుసార్లు తిరగాలి.

మేత లెక్కలు, నెల్లూరు
పాస్‌వర్డ్ ఆ ఫోన్ ఎత్తని అబ్బాయి దగ్గరే ఉందంట అన్నా.